ఎనిమిది మడతల మ్యాపు

పొద్దున ఆరింటికి ఓడెల్ టర్నేజ్ కాఫీ తాగి, వాకిట్లోకి వెళ్ళి, కారు నాలుగు టైర్లలోనూ గాలి చూసుకునేవాడు. లోపలికొచ్చి వంటింటి బల్ల తుడిచి, సొరుగులోంచి మ్యాపు తీసి పరిచేవాడు. అది మెంఫిస్ నుంచి షికాగో వెళ్ళే దారి మ్యాపు. కళ్ళజోడు సర్దుకుని, పెన్సిలు చెక్కుకుని, ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలి, ఎక్కడ కాళ్ళు చాపుకోవాలి, ఎన్నింటికి చికెన్ డబ్బా తెరవాలి అని గుర్తులు పెట్టుకునేవాడు. ఎనిమిది కొట్టేసరికి అన్నీ మడిచి లోపల పెట్టేసేవాడు. పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరైన పదకొండేళ్ళలో, చర్చికెళ్ళే ఆదివారం పూట తప్ప, ఈ పని మానింది లేదు. షికాగో వెళ్ళిందీ లేదు.

కొన్నప్పుడు ఆ మ్యాపుకి ఎనిమిది మడతలు. ఇప్పుడు పదమూడు. మా ఆరెంజ్ మౌండ్ పేటలో ఇదేమీ వింత కాదు. ప్రయాణం పెట్టుకుని మానేస్తే దారి పెరుగుతుంది, ఇది అందరికీ తెలిసిందే. ఊరికే అనుకుని మానేస్తే లెక్కలోకి రాదు. చికెన్ వేయించి, అట్టపెట్టెలో సర్దాక మానుకుంటే మాత్రం తెల్లారేసరికి మ్యాపుకి ఓ మడత ఎక్కువ వస్తుంది. ఆ కొత్త మడతలో ఊళ్ళుండవు. పత్తి చేలు, మధ్యలో గీత గీసినట్టు రోడ్డు, అంతే. మానేసిన రోజులో ఏముంటుంది గనక మడతలో మాత్రం ఉండటానికి.

ఊరందరికీ మెంఫిస్ నుంచి షికాగో ఐదువందల ముప్ఫై మైళ్ళు. ఓడెల్‌కి ఎనిమిది వందల అరవై. చర్చి మెట్ల మీద ఎవరైనా "ఎన్ని మడతలయ్యాయి ఓడెల్?" అని అడిగితే, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పేవాడు.

అతన్ని మించిన వాళ్ళూ ఉన్నారు. చర్చి పెద్ద, డీకన్ హోసియా బ్రిమ్ ఉన్నాడు. జాక్సన్‌లో ఉన్న కూతుర్ని చూడ్డానికి తొమ్మిదిసార్లు బయలుదేరి తొమ్మిదిసార్లు మానేశాడు. పదోసారి గడుసుగా బస్సెక్కాడు. బస్సుకి తన సంగతేం తెలుసులే అని. మూడు గంటల్లో చేరాల్సిన బస్సు ఏడు గంటలైనా చేలల్లోనే పోతోంది. డ్రైవరు బస్సు ఆపి, వెనక్కి తిరిగి, "ఎవరండీ ఇక్కడ వాయిదాల మనిషి?" అని కేకేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు హోసియా టోపీ సర్దుకున్నాడు. దింపేశారు. ఆయన దిగిన పదిహేను నిమిషాల్లో బస్సు జాక్సన్ చేరిందట. ఈ కథ ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు. కూతుర్ని చూశాడా అని మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఓడెల్ షికాగో వెళ్ళాల్సింది చెల్లెలి కోసం. పేరు ఎర్లీన్, అతనికంటే నాలుగేళ్ళు చిన్న. ఇరవయ్యేళ్ళ వయసులో, ఆ ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి, "అన్నయ్యా, నన్ను కార్లో దింపవూ?" అని అడిగింది. "ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం. కాస్త ప్లాన్ చేసుకోనీ," అన్నాడు. ఆమె శుక్రవారం బస్సెక్కి వెళ్ళిపోయింది. అమ్మ వేయించిన చికెన్ ఇంట్లోనే ఉండిపోయింది. అదీ మొదటి మడత. తర్వాత ఆమె పెళ్ళికి మంచు కురుస్తుందన్నారని ఆగాడు. కూతురు రెనీటా బాప్తిస్మానికి రేడియేటరు నమ్మకంగా లేదని ఆగాడు. మరోసారి మోకాలు అడ్డొచ్చింది. ఆఖరిసారి ఎర్లీన్ భర్త చనిపోయినప్పుడు, నల్లకోటు వేసుకుని, ఇంజను ఆన్ చేసి కూర్చుని కూడా, సెంట్రాలియాలో పాత పెట్రోలు బంకు ఇప్పుడుందో లేదో తెలియదని దిగిపోయాడు.

ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి. ఊళ్ళోవాళ్ళ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యం కానివ్వలేదు.

అతని భార్య వెర్డెల్ అలా కాదు. చర్చి వ్యాను నడిపేది. ముసలివాళ్ళని కళ్ళ డాక్టరు దగ్గరికీ, బజారుకీ, సమాధుల దగ్గరికీ తిప్పేది. తాళంచెవి చేతికొస్తే బయలుదేరడమే, రెండో మాట లేదు. ఆమెకి ఏ ఊరైనా ఎంత దూరమో అంతే దూరం.

"నీ మ్యాపు బల్ల దాటి కిందికి వేలాడుతోంది మహానుభావా," అనేది, కాళ్ళకి అడ్డం పడుతున్న మడతలు ఎత్తి పైన పెడుతూ. "ఇంకో రెండు మడతలైతే ఇల్లు పెంచాలి."

"ఆగే చోటు తెలియకుండా కారు తియ్యకూడదు వెర్డీ."

"అది మీ నాన్న మాట."

"మా నాన్న మాటే. తప్పా?"

తప్పు కాదు. ఆ కాలానికి అంతకంటే నిజం లేదు. ఓడెల్ తండ్రి ఏమస్ పత్తిగింజల నూనె మిల్లులో పనిచేసేవాడు. ఏటా జూలైలో భార్యాబిడ్డల్ని పాత బ్యూక్ కారులో షికాగోలో ఉన్న తన అక్క ఇంటికి తీసుకెళ్ళేవాడు. చీకటితో బయలుదేరి ఒక్క పగటిలో చేరిపోవాలి. దారిలో నల్లవాళ్ళకి అన్నం పెట్టే హోటలుండదు, గది ఇచ్చే సత్రముండదు. అందుకే చెప్పుల అట్టపెట్టెలో వేయించిన చికెన్, ఉడకబెట్టిన గుడ్లు, మైనపు కాగితంలో చుట్టిన కేకు. అందుకే ఆ పుస్తకం కూడా. చొక్కా జేబులో పట్టేంత చిన్న నోటు పుస్తకం. ఎవరు పెట్రోలు పోస్తారో, ఎవరింట్లో బాత్రూముకి వెళ్ళనిస్తారో, ఏ ఊరు పొద్దుగూకే లోపు దాటేయాలో తండ్రి అందులో రాసుకున్నాడు. ముందు సీట్లో కూర్చుని అది చదవడం ఎనిమిదేళ్ళ ఓడెల్ పని. వెనకసీట్లో ఎర్లీన్ అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. అన్న గొంతు వినపడుతున్నంతసేపూ నిద్ర. పుస్తకంలో ఆఖరి లైను కూడా అతనికి అప్పగించిన పనే: "షికాగో. చెల్లిని లేపు."

ఒక ఏడాది ఓడెల్ ఒక లైను వదిలేశాడు. తొమ్మిదేళ్ళవాడు, రెండు పేజీలు అతుక్కుని తిరిగిపోయాయి. వదిలేసిన లైనులో, నీళ్ళ ట్యాంకు మీద ఆపిల్ బొమ్మ ఉన్న ఊళ్ళో ఆగొద్దని ఉంది. తండ్రి అక్కడే ఆగాడు. ఇద్దరు మనుషులు వచ్చి, నాన్నని కారు దింపి, టోపీ తీయించి, రెండు గంటలు ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టారు. ఎందుకో చెప్పలేదు. వదిలేసినప్పుడూ చెప్పలేదు. కారెక్కాక నాన్న కొడుకుని ఒక్క మాట అనలేదు. టోపీ పెట్టుకుని, "చదువు నాయనా," అన్నాడు. ఎర్లీన్ అదంతా నిద్రలోనే గడిపేసింది. ఆమెకి ఇవాళ్టికీ తెలియదు.

ఆ ఒక్క లైను ఓడెల్ జన్మంతా మోశాడు. మూడుసార్లు చూసుకోనిదే గుమ్మం దాటడు. నాలుగోసారి చూసుకునేసరికి పొద్దెక్కిపోయేది.

ఎర్లీన్‌కి కాలేయం పాడైందని తెలిసిన తర్వాత ఆమే ఫోను చేసి అడిగింది. "నువ్వు రాలేకపోతే పోనీలే అన్నయ్యా. ఆ పుస్తకం చదివి వినిపించు. నాకు సరిగ్గా నిద్రపట్టి ఎన్నాళ్ళయిందో."

"ఫోన్లోనా? ఛ. వచ్చి చదువుతాను. పక్కన కూర్చుని చదువుతాను. ప్లాన్ అయిపోవచ్చింది."

"సరే," అంది ఎర్లీన్. ఆ "సరే" వెర్డెల్ కూడా వింది. నలభై ఎనిమిదేళ్ళుగా అదే సరే.

అక్టోబరులో ఒక గురువారం మధ్యాహ్నం రెనీటా ఫోను చేసింది. "మావయ్యా, అమ్మని ఇంటికి తెచ్చేశాం. డాక్టర్లు ఇంక చేసేదేం లేదన్నారు. శనివారం దాకా ఉంటే ఎక్కువంటున్నారు. నీ గురించే అడుగుతోంది."

వెర్డెల్ అప్పటికే చెప్పులు వేసుకుంది. "లే. ఇప్పుడే పోదాం."

"ఇప్పుడా? మూడవుతోంది. చీకట్లో ఆ దారి..."

"లైట్లున్నాయి కారుకి."

"ఇంజను నూనె మార్చాలి. వైపర్లు చూడాలి. చికెన్ లేకుండా షికాగో ఎలా వెళ్తాం? రేపంతా సర్దుకుని, శనివారం తెల్లారుజామున నాలుగింటికి బయలుదేరితే, ఎనిమిది వందల అరవై మైళ్ళు, సాయంత్రం ఐదింటికి ఆమె మంచం పక్కనుంటాం. లెక్కేశాను వెర్డీ. ఒక్క పగటి ప్రయాణం. నాన్న చేసినట్టే."

"ఓడెల్, నీకు దణ్ణం పెడతాను..."

"ఒక్క రోజు. ఈసారి మానటం లేదుగా. ఒక్క రోజు ఆగుతున్నాం, అంతే."

వెర్డెల్ అతని మొహం చూసింది. డెబ్భై రెండేళ్ళ మొహంలో తొమ్మిదేళ్ళ భయం. కోప్పడలేకపోయింది. చెప్పులు విప్పేసి కోడిముక్కలు మజ్జిగలో నానబెట్టింది. ఆ పని చేసినందుకు తర్వాత ఆమె తనని తాను ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. అతను వాయిదా వేసిన ప్రతిసారీ చికెన్ వేయించింది తనే కదా అని.

శుక్రవారం ఓడెల్ నూనె మార్చాడు, వైపర్లు మార్చాడు, టార్చిలైటులో బ్యాటరీలు మార్చాడు. పుస్తకం మూడుసార్లు చదువుకున్నాడు. అందులో పెట్రోలు పోసినవాళ్ళూ, తలుపు తీసినవాళ్ళూ ఎప్పుడో పోయారని అతనికి తెలుసు. అయినా చదివాడు.

శనివారం తెల్లారుజామున సొరుగు లాగితే రాలేదు. గట్టిగా లాగేసరికి మ్యాపు ఉబికి బయటకొచ్చి నేలమీద పడింది. వెర్డెల్ ఒక కొస పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ఇరవై రెండు మడతలు.

చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఒక్కరోజు ఆగమంటే, ఆ రోజు మామూలు రోజుల్లాంటిది కాదు. ఆ సంగతి మా పేటలో ఎవరైనా చెప్పి ఉండేవాళ్ళు. అతను ఎవర్నీ అడగలేదు.

"పద," అంది వెర్డెల్. "నేను నడుపుతాను. నా కాళ్ళ కింద దారి ఎంతుందో అంతే ఉంటుంది. చూద్దాం."

చూశారు. నది మీద వంతెన దాటి ఆర్కన్సాలో పడేసరికి ఇంకా చీకటే. తెల్లారాక రెండువైపులా పత్తి విచ్చుకుని ఉంది. ఎర్ర కప్పు ఉన్న ధాన్యం గిడ్డంగి ఒకటి వచ్చింది. పావుగంటకి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు వెర్డెల్ దాని వంక చూడటం మానేసింది. దారి పక్క పలకలు షికాగో వెయ్యిన్నీ మూడువందల మైళ్ళని చూపించాయి. వెనకొచ్చిన కార్లు హారన్ కొట్టి దాటిపోతుంటే, పలక మీద అంకె వాళ్ళకి ఇంకోలా కనిపిస్తుందని ఓడెల్‌కి తెలుసు. వెర్డెల్ డెబ్భై మీద తొక్కుతోంది. కారు పరిగెడుతోంది. చేను కదలటం లేదు.

రెండు గంటల్లోపే రావలసిన హేటీ ఊరి పలక, బయలుదేరిన ఐదున్నర గంటలకి, పదింటికి వచ్చింది. అప్పుడే రెనీటా ఫోను.

"మావయ్యా, ఎక్కడున్నారు?"

"హేటీ దాటుతున్నామమ్మా."

ఇంకా హేటీయేనా అని రెనీటా అడగలేదు. ఆ పిల్లకీ మెంఫిస్ సంగతులు తెలుసు. "అమ్మ కిటికీ వైపే చూస్తోంది మావయ్యా. నర్సు సాయంత్రం దాటదంటోంది."

ఓడెల్ ఫోను పెట్టేసి, చెవి మీది పెన్సిలు తీసి, చికెన్ పెట్టె మూత మీద లెక్క వేశాడు. తను కార్లో ఉంటే రాత్రి రెండున్నర. మళ్ళీ వేశాడు. అంతే వచ్చింది. మూడోసారి వెయ్యలేదు.

"వెర్డీ, ఆ బంకు దగ్గర ఆపు."

"పెట్రోలుందిగా."

"పెట్రోలుకి కాదు. నేను దిగుతాను."

వెర్డెల్ కారు పక్కకి తీసి ఆపింది. స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది.

"నువ్వొక్కదానివే అయితే నాలుగు వందల ముప్ఫై మైళ్ళు," అన్నాడు ఓడెల్. "ఎఫింగమ్‌లో ఒక్కసారి ఆగి పెట్రోలు పోయించుకో. నాలుగూ ఇరవైకి చేరతావు."

"దాని అన్నవి నువ్వా నేనా?"

"నేను కూర్చున్నంతసేపూ మనిద్దరం చేరం. నాలో ఉంది దూరమంతా."

"నలభై ఎనిమిదేళ్ళు బయలుదేరకుండా ఉండి, ఇవాళ దిగుతావా?" అంది వెర్డెల్. ఆ మాటలో కోపం ఉంది, ఏడుపూ ఉంది. "ఇల్లు కదలమన్నప్పుడు కదలలేదు. కదిలినవాడివి ఇప్పుడు దిగుతానంటావు. ఏం మనిషివయ్యా నువ్వు."

"చెడ్డ మనిషినే. పోనీ."

జేబులోంచి పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. చికెన్ పెట్టెలోంచి రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుని, మిగతాది సీటు మీద వదిలాడు. మ్యాపు మాత్రం తీసుకున్నాడు. అది ఆమెకి అవసరం లేదు. అతను తలుపు వేశాక కారు కదిలింది. రెండు నిమిషాల్లో కనుచూపు దాటింది. అతని జన్మలో వేసిన ప్లాన్లలో అమలైంది ఇదొక్కటే.

బంకు పక్కనే చిన్న హోటలు. వెనక గోడని ఆనుకుని ఒక బెంచీ ఉంది. దాని పలకలు కూర్చుని కూర్చుని నున్నగా అరిగిపోయాయి. హోటలు నడిపే డార్లా అనే ఆవిడ అతన్నీ, చంకలోని మ్యాపునీ చూసి ఏమీ అడక్కుండా కాఫీ తెచ్చి ఇచ్చింది.

"మీవాళ్ళు అక్కడికి చేరాక ఫోను చేస్తారా?"

"చేస్తుంది."

"అయితే ఎండ మొహాన పడకుండా ఈ పక్కకి జరగండి. సాయంత్రందాకా ఇటే ఉంటుంది. పోయిన నెల ఒకాయన మూడు రోజులు కూర్చున్నాడు, మెడ కమిలిపోయింది పాపం."

"ఎక్కడికట?"

"కొడుకు పెళ్ళి. సెయింట్ లూయిస్. ఇక్కణ్ణుంచి రెండున్నర గంటల దూరం." ఆవిడ గుడ్డతో బెంచీ తుడిచింది. "ఏమైనా తింటారా?"

"తెచ్చుకున్నాను."

తెచ్చుకున్నాడు గాని తినలేదు. చల్లారిన చికెన్ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఎంత మంది పోతున్నారో ఆ రోడ్డు మీద. పరుపు కట్టుకుని ఒకడు, కుక్కనేసుకుని ఒకడు. ఒక్కడి మొహంలోనూ ప్లాన్ ఉన్నట్టు లేదు. ఇంత తేలికా, అనుకున్నాడు. తాళం తిప్పడం, బయలుదేరడం. బంకు లేకపోతే ఇంకో బంకు. సెంట్రాలియాలో లేకపోతే తర్వాతి ఊళ్ళో. చెల్లెలి భర్త శవం ముందు చెల్లెలు ఒక్కతే నిలబడిన రోజున, తను బంకు గురించి ఆలోచించాడు. సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కదా అని తుడుచుకోలేదు.

నాలుగూ ఇరవై రెండుకి ఫోను మోగింది.

"వచ్చేశాం," అంది వెర్డెల్.

"వచ్చావు," అన్నాడు ఓడెల్.

"మెలకువగానే ఉంది. పుస్తకం చేతికిచ్చాను, గుండెల మీద పెట్టుకుంది. ఇదిగో, చెవి దగ్గర పెడుతున్నా. మాట్లాడు."

ముందు ఊపిరి వినపడింది. తర్వాత ఎర్లీన్ గొంతు, నూలుపోగంత.

"అన్నయ్యా, ఎక్కడున్నావు?"

"దారిలో ఉన్నానమ్మా."

"నిజంగానా? బయలుదేరావా?"

"బయలుదేరాను. హేటీ దాటి వచ్చాను. నీ వదిన్నడుగు."

"బయలుదేరాడా వదినా?" అవతల వెర్డెల్ ఏదో అంది. ఎర్లీన్ నవ్వినట్టుంది. "అయితే చాల్లే. ఇంట్లో లేవు కదా. అదే చాలు. చదువు అన్నయ్యా."

పుస్తకం అక్కడ ఉంది. అయినా అతనికి పుస్తకం ఎందుకు? కళ్ళు మూసుకున్నాడు.

"మెంఫిస్. నాలుగింటికి బయలుదేరు. మంచినీళ్ళ సీసాలు రెండు. కోవింగ్‌టన్ దాకా ఆగొద్దు. రిప్లీ దాటాక కుడివైపు జాన్ టిప్టన్ బంకు, వెనక పంపు మనది. ఆయన్ని సార్ అనక్కర్లేదు, మనవాడే. ఫుల్టన్ దాటాక ఎడమ చేతివైపు నీలం తలుపు ఇల్లు. మిసెస్ పర్డీ. బాత్రూము ఇస్తుంది, పిల్లలకి మజ్జిగ ఇస్తుంది. తిరుగుప్రయాణంలో ఆవిడకి పంచదార తీసుకెళ్ళాలి..."

"మజ్జిగ పుల్లగా ఉండేది," అంది ఎర్లీన్.

"నువ్వు మీసాలు చేసుకునేదానివి. కైరో. వంతెన మీద కిటికీలు మూయండి, ఈలవేయొద్దు. తర్వాత..." ఓడెల్ ఆగాడు. "తర్వాత నీళ్ళ ట్యాంకు. దాని మీద ఆపిల్ బొమ్మ. ఈ ఊళ్ళో ఆగొద్దు."

ఆగాడు గాని, మళ్ళీ మొదలుపెట్టాడు. "ఎర్లీన్, ఒక ఏడాది ఆ లైను వదిలేశాను. నాన్నని రెండు గంటలు ఎండలో నిలబెట్టారు. నువ్వు పడుకున్నావు. అప్పట్నుంచీ..."

"తెలుసు," అంది ఎర్లీన్.

"తెలుసా?"

"కళ్ళు మూసుకున్నానంతే. అమ్మ నా నోరు నొక్కి పట్టుకుంది." ఊపిరి తీసుకుంది. "నిన్ను తిడతాడేమోనని భయపడ్డాను. తిట్టలేదు. చదవమన్నాడు. చదువు అన్నయ్యా."

అతను చదివాడు. సెంట్రాలియా బంకు చదివాడు. మటూన్ ఊరి చర్చి వెనక చెట్టు నీడ, అక్కడ గుడ్లు తినొచ్చు. షాంపేన్ దగ్గర రైల్వే కూలీల పాక, అక్కడ కేకు ముక్క ఒకటి వాళ్ళకివ్వాలి. కాంకకీ దాటాక నాన్న టోపీ తీసి సీటు మీద పెడతాడు, ఇక భయం లేదు. మధ్యలో ఎర్లీన్ రెండుసార్లు "ఊఁ" అంది. తర్వాత అనలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది, ఒక్క తీరున, వెనకసీట్లోంచి వచ్చినట్టు.

"షికాగో లైట్లు కనపడతాయి," అన్నాడు ఓడెల్. "అక్క ఇంటి ముందు కారు ఆపు."

అక్కడ ఆపేశాడు. ఇంకో లైనుంది. అది అతని పని. జీవితంలో రెండోసారి ఒక లైను వదిలేశాడు.

ఫోన్లోకి వెర్డెల్ వచ్చింది. గుసగుసగా మాట్లాడింది. "నిద్రపోయింది ఓడెల్. ఎన్ని నెలలకో ఇలా పడుకుందట. రెనీటా ఏడుస్తోంది. ఆఖరి లైను చెప్పలేదేం?"

"పడుకోనీ," అన్నాడు.

డార్లా ఇంకో కప్పు కాఫీ తెచ్చి, చల్లారిన మొదటి కప్పు తీసుకెళ్ళింది. ఎండ గోడ దిగింది. అవతలి చేలో పత్తి కోసే యంత్రం ఒకటి ఒక చాలు ముగించి, తిరిగి వచ్చింది. ఓడెల్ చికెన్ ముక్క ఒకటి తిన్నాడు. ఉప్పు సరిపోయింది. చేతులు తుడుచుకుని, ఇక రేపైనా ఎలా వెళ్ళాలో చూసుకుందామని, పక్కన పెట్టిన మ్యాపు ఒళ్ళోకి తీసుకున్నాడు.

తేలిగ్గా ఉంది. పొద్దున్న చంకలో పట్టీ పట్టనిది ఇప్పుడు అరచేతిలో ఇమిడింది. విప్పాడు. మోకాళ్ళ మీద పరిచి, వేలితో ఒక్కొక్క మడతే తాకాడు. మళ్ళీ మొదట్నుంచీ తాకాడు.

ఎనిమిది.

ఊళ్ళు లేని మడతలు ఒక్కటీ లేవు. హేటీ, సైక్‌స్టన్, కైరో, అన్నీ కొన్ననాడు ఎలా ఉన్నాయో అలా, పక్కపక్కనే ఉన్నాయి. ఇక అవతల ఎదురుచూసే మనిషీ, వాయిదా వేయడానికి పనీ మిగల్లేదు గనక దారి దాని దారికి వచ్చేసింది.

డార్లా పైనుంచి వంగి చూసింది. "ఎంత దూరం మీకు?"

"షికాగో. ఇక్కణ్ణుంచి నాలుగు వందల ముప్ఫై. ఆరు గంటలు."

"అయితే దగ్గరేగా," అంది ఆవిడ.

"దగ్గరే," అన్నాడు ఓడెల్. ఒళ్ళో ఫోను మోగుతోంది. ముందు మ్యాపు మడిచి జేబులో పెట్టుకుని, తర్వాత ఎత్తాడు.